గుణుపురంలో ఆగిన పట్టాలు: తేరుబలి దాకా వేస్తే ఎవరికి ఏమి కలుస్తుంది?

క్లుప్తంగా: ఒడిశా రాయగడ జిల్లాలోని గుణుపురం నుంచి అదే జిల్లాలోని తేరుబలి దాకా 73.62 కిలోమీటర్ల కొత్త రైలు మార్గానికి కేంద్ర మంత్రివర్గం 2024 ఆగస్టులో ఆమోదం తెలిపింది. దాంతో ఇప్పుడు గుణుపురంతో ఆగిపోయే నౌపడ–గుణుపురం కొస లైను తీరపు లైనుకూ రాయ్‌పుర్–విజయనగరం లైనుకూ మధ్య వంతెన అవుతుంది. ఆ లైను మీద సరుకు ఎంత నడుస్తుంది, మనుషులకు ఎన్ని బళ్లు దక్కుతాయి అన్నది మాత్రం మూడు విషయాల మీద ఆధారపడి ఉంది: కొండ ఎక్కే వాలు, మధ్య స్టేషన్ల దూరం, తేరుబలి దగ్గర పట్టా ఏ వైపు తిరిగి కలుస్తుందన్నది. వీటికి తోడు భూసేకరణ, గెడ్డల (కొండ వాగుల) నీటి దారి.

పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం, రాయగడ ఊళ్లలో ఈ లైను గురించి మాట్లాడుకునేటప్పుడు "వస్తుందా, రాదా" అన్న దగ్గరే మాట ఆగిపోతుంది. వచ్చే లైను ఎలాంటిదన్నదే అసలు ప్రశ్న.

రాజుగారి బండి

నౌపడ–పర్లాకిమిడి లైను 1900 ఏప్రిల్ 1న మొదలైంది. పర్లాకిమిడి గజపతి రాజు తన రాజధానిని తీరం వెంబడి పోయే పెద్ద లైనుకు కలపడానికి సొంత ఖర్చుతో వేయించిన నారోగేజ్ అది. రెండు పట్టాల మధ్య దూరం 762 మిల్లీమీటర్లు. దారి పాతికమైళ్లు. మొదటి ఏళ్లలో నష్టాలే వచ్చాయి. ఆదాయం కాస్త నిలదొక్కుకున్నాక 1929లో, 1931లో రెండు విడతలుగా గుణుపురం దాకా పొడిగించారు. అంటే పొడిగింపు వాదన ఈ లైనుకు కొత్త కాదు. కొస లైను తన ఖర్చు తాను రాబట్టుకోవాలంటే లోపలి మన్యం సరుకు దానికి అందాలన్న లెక్క నూరేళ్ల కిందటే వేశారు.

1936లో ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అటువైపు వెళ్లాక లైను రెండు రాష్ట్రాల మధ్య పడింది. నౌపడ, టెక్కలి, పాతపట్నం ఇటు. మహేంద్రతనయ నది దాటితే పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం అటు. ఎక్కేవాళ్ల భాష మాత్రం రెండు వైపులా చాలావరకు ఒకటే.

నారోగేజ్ బండి 2004 జూన్‌లో ఆగింది. బ్రాడ్‌గేజ్ బండి గుణుపురం చేరేసరికి 2011 వచ్చింది. 90 కిలోమీటర్లకు ఏడేళ్లు. అక్కడ రైల్వేకు స్థలం అప్పటికే ఉంది, దారి తెలిసినదే, దాటాల్సిన ఘాట్ లేదు. అయినా వంతెనలు కొత్తగా కట్టాల్సి వచ్చింది, చిన్నబండికి సరిపోయిన కట్టను వెడల్పు చేయాల్సి వచ్చింది. ఇప్పుడు కొత్త లైనుకు చెబుతున్న గడువు 2030–31. స్థలం కొత్తది, దారి కొండల్లోంచి. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లకు గడువు మీద సందేహం రావడం సహజం.

2024 ఆమోదం ఈ ఒక్క లైనుకు వచ్చింది కాదు. ఏడు రాష్ట్రాల్లో ఎనిమిది లైన్లు కలిపి సుమారు 900 కిలోమీటర్లు, అంచనా వ్యయం 24,657 కోట్లు. అందులో మల్కన్‌గిరి నుంచి భద్రాచలం మీదుగా పాండురంగాపురం వెళ్లే 173.61 కిలోమీటర్ల లైను, జునాగఢ్–నబరంగ్‌పుర్ లైను కూడా ఉన్నాయి. సగటున కిలోమీటరుకు 27 కోట్ల పైచిలుకు. ఆ సగటును పట్టుకుని "మన లైనుకు ఇంత" అని గుణించడం సరికాదు. చదును నేల మీద వేసే కిలోమీటరు వేరు, కొండ తొలిచి వేసే కిలోమీటరు వేరు.

కొసకూ నడుమకూ తేడా

పట్టా ఎక్కడ ఆపాలన్న తగాదా నగరాల ట్రామ్‌లకూ ఉంది. 1873లో ట్రామ్ మొదలైన కోల్‌కతాలో దారులు ఒక్కొక్కటే మూతపడి, చివరికి ఎస్‌ప్లనేడ్–మైదాన్ ముక్క ఒక్కటే ఉంచుతామని 2024లో అక్కడి రవాణా మంత్రి ప్రకటించారు. ఒక కొస తెగితే అక్కడ ఎక్కేవాళ్లతో పాటు అక్కడికి వెళ్లాల్సినవాళ్లూ పోతారు. కొస కలిస్తే జరిగేది దీనికి తిరగేసిన లెక్క.

ప్రస్తుతం గుణుపురం లైను మీద నడిచే ప్రతి బండీ నౌపడలో మొదలైన దారినే తిరిగి పట్టాలి. గుణుపురానికి అవతల పట్టా లేదు కాబట్టి, లైను వెంట ఉన్న జనానికి ఎన్ని బళ్లు సరిపోతాయో అన్నే నడుస్తాయి. అవతలి కొస తేరుబలిలో కలిస్తే రాయగడ, తిట్లాగఢ్, రాయ్‌పుర్ వైపు నుంచి తీరానికి వెళ్లే బండికి ఇదొక దారి అవుతుంది. 73.62, 90 కలిపితే సుమారు 164 కిలోమీటర్లు. ఇప్పుడు తేరుబలి నుంచి నౌపడ రావాలంటే రాయగడ, పార్వతీపురం, బొబ్బిలి మీదుగా విజయనగరం దిగి, మళ్లీ శ్రీకాకుళం రోడ్డు స్టేషన్ మీదుగా పైకి రావాలి. పొడిగింపు ఈ చుట్టును తప్పిస్తుంది.

2017 జూలై వరదలు దీనికి మంచి ఉదాహరణ. తేరుబలి, సింగపూర్ రోడ్డు స్టేషన్ల మధ్య రైలు వంతెన కొట్టుకుపోయింది. రాయ్‌పుర్–విజయనగరం లైనుకు ఆ చోట పక్కదారి లేదు. బళ్లు ఎక్కడో దూరం నుంచే మళ్లించాల్సి వచ్చింది. కొత్త లైను కలిసేది తెగిన ఆ చోటుకు ఎగువన, రాయ్‌పుర్ వైపునే. కాబట్టి అలాంటి రోజున కనీసం కొన్ని బళ్లయినా గుణుపురం మీదుగా తీరం చేరగలవు.

పాలన వైపు నుంచి ఇంకో చిక్కుముడి ఉంది. 2025లో వాల్తేరు డివిజన్‌ను విడదీసినప్పుడు నౌపడ–పర్లాకిమిడి ముక్క విశాఖపట్నం డివిజన్‌కు, పర్లాకిమిడి–గుణుపురం ముక్క కొత్త రాయగడ డివిజన్‌కు వెళ్లాయి. కూనేరు నుంచి తేరుబలి దాకా ఉన్న లైను కూడా రాయగడ డివిజన్‌దే. ఫలితంగా గుణుపురం ముక్క తన డివిజన్‌లో మిగతా లైన్లతో కలవకుండా ద్వీపంలా మిగిలింది. పట్టాలు మార్చే యంత్రం రావాలన్నా, పాడైన ఇంజన్ పోవాలన్నా పక్క డివిజన్ గుండా పక్క జోన్ గుండా రావాలి. ఈ కొత్త లైను తేరుబలిలో ఆ డివిజన్ అంచునే తాకుతుంది. ప్రయాణికుల డిమాండ్ ఎంత చెప్పినా కదలని దస్త్రాన్ని ఈ పాలనా అవసరం కదిలించే అవకాశం ఎక్కువ.

కొండ ఎక్కే లెక్క

గుణుపురం వంశధార ఒడ్డున ఉంది. తేరుబలి నాగావళి లోయలో ఉంది. రెండు నదుల నీటిని విడదీసే గట్టును లైను ఎక్కడో ఒకచోట దాటాలి. ఆ దాటే వాలే లైను జాతకం రాస్తుంది.

పట్టాల మీద వాలును "200కి 1", "100కి 1" అని చెబుతారు. 100 మీటర్ల దూరం పోతే ఒక మీటరు ఎత్తు పెరిగితే అది 100కి 1. బరువు లాగే లెక్క సులువే: 100కి 1 వాలులో టన్నుకు పది కిలోల లాగుడు అదనంగా కావాలి. సుమారు 5,000 టన్నుల గూడ్స్ తీసుకుంటే 200కి 1లో ఎత్తుకు మాత్రమే 25 టన్నుల లాగుడు, 100కి 1లో 50 టన్నులు, 60కి 1లో 83 టన్నులు. చక్రాల రాపిడి, వంపుల అడ్డు దీనికి అదనం. గూడ్స్‌కు ఎక్కువగా వాడే డబ్ల్యూఏజీ–9 ఇంజన్ నిలబడ్డ బండిని కదిలించేటప్పుడు లాగగలిగేది రమారమి 46 టన్నులు. కాబట్టి మొదటి వాలులో ఒక ఇంజన్ చాలు. రెండోదానికి రెండు కావాలి. మూడోదానికి రెండు ఇంజన్లూ అంచున నిలుస్తాయి. వెనక నుంచి తోయడానికి బ్యాంకర్ ఉండాల్సిందే. వానపడి పట్టా జారితే బండి గట్టు మీద నిలిచిపోతుంది, వెనకున్న బళ్లన్నీ దానికోసం కాచుకోవాలి.

వాలు తగ్గిస్తే దూరం పెరుగుతుంది. వంద మీటర్ల ఎత్తు ఎక్కడానికి 100కి 1లో పది కిలోమీటర్లు చాలు, 200కి 1లో ఇరవై కావాలి. కొండ వాలులో నేరుగా ఇరవై కిలోమీటర్లు దొరకవు కాబట్టి లైను వంపులు తిరగాలి, లేదా సొరంగం తవ్వాలి. వంపు తిరిగితే మళ్లీ చిక్కు: ఒక్కో డిగ్రీ వంపుకు 0.04 శాతం చొప్పున వాలు తగ్గించాలన్నది రైల్వే నియమం. 350 మీటర్ల వ్యాసార్థమున్న వంపు అయిదు డిగ్రీలు. అక్కడ ఒక శాతం వాలును 0.8 శాతానికి దించాలి, అంటే 100కి 1 కాస్తా 125కి 1 కావాలి. ఇలా తగ్గించిన ఎత్తును ఇంకెక్కడో ఎక్కాలి. సర్వే చేసేవాళ్లు ఒకే లైనుకు మూడు నాలుగు దారులు గీయడం అందుకే. "మా ఊరి పక్కనుంచి పోవాల్సిన లైను మార్చేశారు" అన్న ఫిర్యాదుల వెనక రాజకీయం ఉండొచ్చు, లేకపోనూ వచ్చు. చాలాసార్లు ఈ లెక్కే ఉంటుంది.

నిండు బండి ఎటు పోతుందన్నది ఇంకో మెలిక. సరుకు నాగావళి వైపు నుంచి సముద్రం వైపు వస్తుంది. మొత్తం మీద అది దిగుడే అయినా గట్టు దాకా ముందు ఎక్కాలి. ఆ ఎక్కుడు మెత్తగా ఉండాలి. గుణుపురం వైపు నుంచి ఎక్కేవి ఎక్కువగా ఖాళీ వ్యాగన్లు కాబట్టి అటు కాస్త నిటారుగా ఉన్నా నడుస్తుంది. కానీ అదే వాలులో నిండు బండి దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కుతాయి, వేగం తగ్గించాలి, అదుపు తప్పిన బండిని పక్కకు ఎక్కించే క్యాచ్ సైడింగ్ కట్టాలి.

సరుకు ఏది, ఎక్కడికి?

తేరుబలిలో ఫెర్రో మిశ్రమాల కర్మాగారం, జేకేపూర్‌లో కాగితం మిల్లు, టికిరి దగ్గర, అవతల కలహండి జిల్లా లాంజిగఢ్‌లో అల్యూమినా కర్మాగారాలు ఉన్నాయి. బొగ్గు, రసాయనాలు లోపలికి రావాలి. అల్యూమినా, ఫెర్రోక్రోమ్ బయటికి పోవాలి. ఇప్పటి దారి విజయనగరం మీదుగా విశాఖపట్నం రేవుకే. నౌపడకు దగ్గరగా సంతబొమ్మాళి మండలం మూలపేటలో కొత్త రేవు పనులు 2023లో మొదలయ్యాయి. రేవు పనిలోకి వస్తే నౌపడ చిన్న జంక్షన్‌గా ఉండదు, గుణుపురం లైను రేవుకు వెనక దారి అవుతుంది. రేవు ఆలస్యమైతే ఈ లైను సరుకు లెక్కలు కూడా అంత మేర వాయిదా పడతాయి.

ఎదురు వాదన కూడా బలమైనదే. విజయనగరం–తిట్లాగఢ్ మధ్య 264 కిలోమీటర్ల పైచిలుకు మూడో లైను పని సాగుతోంది. అది పూర్తయితే పాత దారిలోనే చోటు దొరుకుతుంది, రెండు ఇంజన్ల ఖర్చుతో కొండ దాటడం ఎందుకని రవాణా చేసేవాళ్లు అడగొచ్చు. దూరం తక్కువైనంత మాత్రాన ఖర్చు తక్కువ కాదు. కొత్త లైను వాలు మెత్తగా ఉంటేనే సరుకు దానంతట అది అటు మళ్లుతుంది.

ఒంటి లైను మీద ఎన్ని బళ్లు

వేసేది ఒంటి లైను. ఎదురెదురు బళ్లు స్టేషన్లలోనే దాటుకోవాలి. ఇలాంటి లైను సామర్థ్యాన్ని రైల్వేలో స్కాట్ సూత్రంతో కడతారు. రోజుకున్న 1,440 నిమిషాలను, రెండు స్టేషన్ల మధ్య నెమ్మది బండికి పట్టే సమయానికి సిగ్నల్ పనికి పట్టే సమయం కలిపి భాగించి, వచ్చినదాంట్లో 70 శాతం తీసుకుంటారు. స్టేషన్లు 12 కిలోమీటర్ల దూరంలో ఉండి, గూడ్స్ గంటకు 30 కిలోమీటర్లు పోతే 24 నిమిషాలు, సిగ్నల్‌కు అయిదు: మొత్తం 29. రెండు వైపులా కలిపి రోజుకు 34 బళ్లు. ఖర్చు మిగులుతుందని మధ్యలో ఒక స్టేషన్ తీసేస్తే దూరం 24 కిలోమీటర్లు, సమయం 53 నిమిషాలు, బళ్లు 19. ఒక్క స్టేషన్‌తో పదిహేను బళ్లు పోయాయి.

ఆ పదిహేనులో ముందు పోయేవి ప్యాసింజర్లే. గూడ్స్‌కు డబ్బు వస్తుంది, దూరపు ఎక్స్‌ప్రెస్‌కు పరువుంటుంది, గుణుపురం ప్యాసింజర్‌కు ఈ రెండూ లేవు. స్టేషన్‌లో బండిని పక్కకు నిలిపే లూప్ లైన్లో అదే నిలబడుతుంది. లూప్ పొడవు కూడా చూసుకోవాలి. పూర్తి నిడివి గూడ్స్ పట్టాలంటే 686 మీటర్లు కనీసం, కొత్త వాటికి 750 మీటర్లు కడుతున్నారు. లూప్ పొట్టిదైతే పొడుగు గూడ్స్ అందులోకి దూరదు. ప్యాసింజరే ప్రతిచోటా పక్కకు తప్పుకోవాలి. ఎన్ని స్టేషన్లు, ఎన్ని హాల్టులు అన్నది ఊరి పేరు బోర్డు మీద రావడానికి సంబంధించిన గొడవగా కనిపిస్తుంది. హాల్టులో లూప్ ఉండదు, దాటింపు కుదరదు. ఊరికి హాల్టు వస్తే ఎక్కేవాళ్లకు మేలు. దాటింపు స్టేషన్ వస్తే లైను మొత్తానికి మేలు.

చివరి స్టేషన్ హోదా పోతే

గుణుపురంలో కొందరికి లోపల ఉన్న బెంగ ఇది, బయటికి ఎక్కువగా అనరు. ఇప్పుడు బండి అక్కడే బయల్దేరుతుంది. ఖాళీ బోగీలో ఎక్కి కూర్చోవచ్చు. విశాఖపట్నం ఆసుపత్రికి వెళ్లే పెద్దవాళ్లకు, మూటలతో ఎక్కే కూరగాయల వాళ్లకు, గుణుపురం, పర్లాకిమిడి కాలేజీల్లో చదివే పిల్లలకు అది చిన్న సౌకర్యం కాదు. లైను ముందుకు సాగితే అదే బండిని రాయగడ నుంచి నడపమని అక్కడివాళ్లు అడుగుతారు. అప్పుడు గుణుపురం చేరేసరికి సీట్లు నిండి ఉంటాయి. రిజర్వేషన్ కోటా కూడా బయల్దేరే స్టేషన్‌కు ఎక్కువ, నడిమి స్టేషన్‌కు తక్కువ.

బండి రాత్రి నిలిపి, నీళ్లు పట్టి, కడిగి, పొద్దున్నే పంపడానికి గుణుపురంలో విడి లైన్లు ఉంచితే కనీసం ఒకటి రెండు బళ్లు అక్కడి నుంచే మొదలవుతాయి. ఇది యార్డు ప్లాను గీసేటప్పుడు అడగాల్సిన సంగతి. పట్టాలు పడ్డాక స్థలం దొరకదు.

రాయగడ వైపు లాభం కూడా తక్కువేం కాదు. మజ్జి గౌరమ్మ దర్శనానికి శ్రీకాకుళం జిల్లా నుంచి వెళ్లేవాళ్లకు టెక్కలిలో ఎక్కితే రాయగడలో దిగే బండి దొరకవచ్చు. ఇక్కడే తేరుబలి మలుపు ముఖ్యం. గుణుపురం నుంచి వచ్చే పట్టా తేరుబలి యార్డులో రాయగడ ముఖంగా కలిస్తే బండి నేరుగా పోతుంది. రాయ్‌పుర్ ముఖంగా కలిస్తే రాయగడ బండికి ఇంజన్ విప్పి, రెండో కొసకు తెచ్చి తగిలించాలి. విజయనగరం నుంచి విజయవాడ వైపు పోయే బళ్లు విశాఖపట్నంలో ముఖం తిప్పుకోవడం ఉత్తరాంధ్ర ప్రయాణికులకు కొత్తగా చెప్పనక్కర్లేదు. గూడ్స్‌కు నేరుగా పోయే ఏర్పాటు, ప్యాసింజర్‌కు ఇంజన్ తిప్పుడు అన్నట్టు ముగిస్తే పక్కదారి పట్టా ఒకటి వేయమని తర్వాత ఎన్నేళ్లయినా తిరగాలి.

భూమి

పట్టాలు వేసే మట్టికట్ట పైభాగం వెడల్పు సుమారు ఎనిమిది మీటర్లు. ఆరు మీటర్ల ఎత్తు కట్టకు రెండు వైపులా పన్నెండేసి మీటర్ల వాలు. అడుగున 32 మీటర్లు. కిలోమీటరుకు ఎనిమిది ఎకరాలు, పక్క కాలువలు, స్టేషన్లు కాక. చదునుగా, నీటి వసతితో ఉన్న పొలమే లైనుకూ అనుకూలం. గుణుపురం పరిసరాల్లో వరి, పత్తి పండేది అలాంటి నేలలోనే.

రాయగడ జిల్లా మొత్తం అయిదో షెడ్యూల్ ప్రాంతం. ఇక్కడ గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1956 నిబంధన ఉంది. 2013 భూసేకరణ చట్టం కింద తీసుకుంటే షెడ్యూల్ ప్రాంతంలో గ్రామసభ ముందస్తు అంగీకారం కావాలి. రైల్వే చట్టం కింద "ప్రత్యేక ప్రాజెక్టు"గా ప్రకటించి తీసుకునే దారి వేరే ఉంది. అందులో నోటిఫికేషన్ వచ్చాక అభ్యంతరం చెప్పడానికి 30 రోజులే గడువు. పరిహారం లెక్క మాత్రం 2015 తర్వాత రెండు దారుల్లోనూ 2013 చట్టం ప్రకారమే. కాబట్టి నోటీసు చేతికందగానే ముందు చూడాల్సింది అది ఏ చట్టం కింద వచ్చిందన్నది. నోటీసు ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది. ఖాతా నంబరు, ప్లాటు నంబరు, ఆ పక్కన "కిసం" (భూమి రకం) అన్న గడి: ఈ మూడూ భూమి కాగితంతో సరిపోవాలి. కిసం గడిలో తడిపొలం మెట్టగా పడితే ధర అక్కడే పడిపోతుంది.

చిక్కు ఎక్కువగా వచ్చేది కౌలుదారుకు. భూమి ఒకరి పేరు, దున్నేది ఇంకొకరు, మధ్యలో కాగితం లేదు. మూడేళ్లుగా ఆ భూమి మీదే బతికినవాళ్లు బాధిత కుటుంబం కిందికి వస్తారని 2013 చట్టం చెబుతుంది. నోటి మాట కౌలుకు ఆ మూడేళ్లు రుజువు చేసే దారి ఉండదు. ఎరువుల కొట్టు రసీదు, మండీలో ధాన్యం అమ్మిన చీటీ, గ్రామసభ తీర్మానంలో పేరు లాంటివే ఆధారం. పోడు భూమికైతే అటవీ హక్కుల పట్టా చేతిలో ఉండాలి. గుణుపురం సబ్‌డివిజన్ పుట్టాసింగ్ వైపు లంజియా సవరలు ప్రత్యేకంగా వెనుకబడిన గిరిజన తెగగా గుర్తింపు పొందినవాళ్లు. లైను ఆ ఛాయలకు వెళితే అడవి అనుమతి ఇంకా నిదానంగా నడుస్తుంది.

గెడ్డలు, అండర్‌పాస్‌లు

కొండ నుంచి దిగే గెడ్డలకు అడ్డంగా మట్టికట్ట పడితే నీరు ఎగువ పొలంలో నిలుస్తుంది, దిగువ చెరువు ఎండుతుంది. రైల్వే వంతెనల వెడల్పు యాభై ఏళ్లకోసారి వచ్చే వరదను బట్టి, ముఖ్యమైన వాటికి నూరేళ్ల వరదను బట్టి కడతారు. పెద్ద ఏరుకు ఈ లెక్క బాగానే పనిచేస్తుంది. తప్పు జరిగేది ఏడాదికి నాలుగు రోజులు మాత్రమే పారే చిన్న గెడ్డల దగ్గర. వేసవిలో సర్వేకు వచ్చినవాళ్లకు అక్కడ రాళ్ల చాలు తప్ప ఏమీ కనబడదు. రెండు మూడు చాళ్లను పక్క కాలువలోకి మళ్లించి ఒకే తూముకు కలుపుతారు. మొదటి పెద్ద వానకు తూము నోట కొమ్మలు, దుబ్బులు అడ్డం పడతాయి, కాలువ కట్టను కోస్తుంది. ప్రతి చాలూ ఎక్కడుందో, ఏ ఏడు ఎంత ఎత్తు పారిందో చూపించగలిగేది ఆ పొలం వాళ్లే. స్థలం మీద గుర్తురాళ్లు పాతే రోజునే అది చెప్పాలి.

కొత్త లైన్ల మీద రైలు గేట్లు పెట్టడం లేదు. పెద్ద రోడ్డుకు పైవంతెన, ఊరి దారికి పట్టాల కింద అండర్‌పాస్. కాగితం మీద ఇది గేటు కంటే మేలు. కాపలా అక్కర్లేదు, కాచుకోవడం లేదు. నేల మీద మాత్రం అండర్‌పాస్ ఊరి మట్టం కంటే కిందికి దిగుతుంది, వానాకాలం నిండుతుంది, మోటారు పెట్టి తోడేవాళ్లు ఉండరు. దాని ఎత్తు కారుకు, ఖాళీ ట్రాక్టరుకు సరిపోతుంది. పత్తి బస్తాలు నిండుగా కట్టిన లారీ, గడ్డి వేసిన ట్రాక్టరు పట్టవు. కోత రోజున ఆ బండి చుట్టూ తిరిగి పక్క ఊరి పైవంతెన మీదుగా రావాలి. అండర్‌పాస్ అడుగు ఎంత లోతు, నీరు తనంతట తాను ఏ కాలువలోకి పోతుంది, పైకప్పు ఎత్తు ఎన్ని మీటర్లు: ఈ మూడు అంకెలూ డ్రాయింగ్ మీద ఉంటాయి. ఆ డ్రాయింగ్ మీద సంతకం పడకముందే గ్రామసభ దాన్ని అడిగి చూడవచ్చు.